వేపపూత దొరకని ఉగాది

శతాయుర్వజ్రదేహాయ సర్వసంపత్కరాయ చ
సర్వారిష్టవినాశాయ నింబకందళభక్షణమ్

ఉగాది పచ్చడి నోట్లో వేసుకునే ముందు మా నాయన ఈ శ్లోకం చెప్పించేవారు. నూరేళ్ల ఆయుష్షు, వజ్రం లాంటి ఒళ్లు, సకల సంపదలు, అరిష్టాలన్నీ పోవడం... ఇన్ని కోరుకుని చివరికి తినమన్నది ఒక్క వేపచిగురే. బెల్లం ఊసు లేదు, మామిడికాయ ఊసు లేదు. అందుకే వేప లేకపోతే అది ఉగాదే కాదని చిన్నప్పటి నుంచీ నాకు గట్టి నమ్మకం.

2023లో శోభకృత్ ఉగాది మార్చి 22న వచ్చింది. అప్పుడు నేను కెనడాలో, టొరంటో పక్కన రిచ్‌మండ్ హిల్‌లో మా పాప దగ్గర ఉన్నాను. కడపలో ఆ రోజులకి వేపచెట్ల కింద ఊడ్చేకొద్దీ పూత రాలుతూనే ఉంటుంది. అక్కడేమో రోడ్డు పక్కన ఇంకా మంచు కుప్పలు. ఇండియన్ స్టోర్‌లో మామిడికాయ, చింతపండు, బెల్లం అన్నీ దొరికాయి గానీ వేపపూత మాత్రం దొరకలేదు. "మెంతులు వేద్దాంలే అమ్మా, అదీ చేదే కదా" అని పాప అంటే నాకు కోపం కూడా వచ్చింది.

పక్కింట్లో ఇరాన్ వాళ్లు. వాళ్ల కొత్త సంవత్సరం నౌరూజ్ కూడా అప్పుడే. మనం అమావాస్య వెళ్లిన పాడ్యమి చూసుకుంటాం, వాళ్లు సూర్యుణ్ణి బట్టి, పగలూ రాత్రీ సమానమయ్యే ఆ క్షణాన్నే పట్టుకుంటారు. ఆ ఏడు అక్కడ అది మార్చి 20 సాయంత్రం 5:24కి వచ్చింది. ఇంటిల్లిపాదీ ఒక బల్ల చుట్టూ కూర్చుని ఆ నిమిషం కోసం ఎదురుచూస్తారు, ఆ ఇంటి పెద్దామె మమ్మల్నీ పిలిచింది.

బల్ల మీద వాళ్ల లిపిలో 'సీన్' అక్షరంతో మొదలయ్యే ఏడు వస్తువులు, హఫ్త్ సీన్ అంటారు. వెల్లుల్లి, ఆపిల్, వెనిగర్, పుల్లటి సుమాక్ పొడి, సెంజెద్ అనే ఎండుపండు, గోధుమ మొలకలతో వండిన సమను అనే తీపి, పళ్లెం నిండా పచ్చగా మొలిచిన గోధుమ నారు. ఆ నారు దగ్గరే నా చూపు ఆగిపోయింది. పెళ్లిళ్లలో మనం పాలికల్లో నవధాన్యాలు పోసి మొలిపిస్తామే, అచ్చం అట్లే ఉంది. పదమూడో రోజు దాన్ని తీసుకెళ్లి పారే నీళ్లలో వదులుతారంట. మనం పాలికలను వదిలేదీ నీళ్లలోనే కదా!

ఆ రాత్రి నిద్ర పట్టలేదు, దేవుని కడపే కళ్ల ముందు. ఉగాది పొద్దున్నే మా లక్ష్మీ వేంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు వస్తారు. స్వామి దేవేరి బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ, స్వామి తమ అల్లుడు అని వాళ్ల నమ్మకం. కొబ్బరికాయ కొట్టి, బియ్యం, బ్యాళ్లు, బెల్లం, చింతపండు లాంటివి భత్యంగా ఇచ్చి దర్శనం చేసుకుంటారు. చిన్నప్పుడు వరుసలో నా ముందు బురఖా వేసుకున్న ఒకామె, వెనక మా అమ్మ, మధ్యలో నేను. అది వింత అని ఎప్పుడూ తోచలేదు, ఉగాది అంటే అంతే అనుకున్నాను. అల్లుడికి అత్తింటివాళ్లు తెచ్చిన బియ్యం ఆ స్వామి కాదనడు. మరి అంత దూరంలో, పండుగకి నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్న ఇంట్లో ఉండి కూడా నా ఉగాది వెలితి అని నేనెందుకు కుమిలిపోవాలి?

22న మెంతులు దోరగా వేయించి, పొడి కొట్టి, పచ్చడిలో చిటికెడు వేశాను. వేపకు బదులు ఇదే స్వామీ అని చెప్పుకుని, శ్లోకం మాత్రం ఒక్క అక్షరం మార్చకుండా చదివాను. పచ్చడి, ఓళిగలు పట్టుకుని పక్కింటికి వెళ్లాం. ఆమెకు తెలుగు రాదు, నాకు పారసీ రాదు. పచ్చడి నాలుక మీద పెట్టుకుని చేదుకు కళ్లు గట్టిగా మూసుకుంది, ఆ తర్వాత బెల్లం తగిలిందేమో, మెల్లగా నవ్వి నా చెయ్యి పట్టుకుంది. వచ్చేటప్పుడు చిన్న గిన్నెలో మొలిచిన గోధుమ నారు ఇచ్చింది, దాన్ని తెచ్చి దేవుడి పటాల ముందు పెట్టుకున్నాం.

కడపకి తిరిగొచ్చాక నేనూ ఉగాదికి పదిహేను రోజుల ముందే గోధుమలు నానబోస్తున్నాను. ఇక్కడి ఎండకు రోజుకు రెండు మూడుసార్లు నీళ్లు చిలకరించకపోతే నారు వాడిపోతుంది. పండుగ రోజు వేపపూత పచ్చడి పక్కనే ఆ పళ్లెం పెడతాను. పదమూడో రోజు పుష్పగిరి దగ్గర పెన్నలో నీళ్లుంటే అక్కడ వదులుతాను, లేకపోతే మా ఇంటి వేపచెట్టు మొదట్లో పెట్టి ఒక చెంబు నీళ్లు పోస్తాను.