డీప్ కాపీ ఎక్కడ ఆపాలి?

ఆర్డర్ అనే ఆబ్జెక్ట్ ఉంది, దాంట్లో అడ్రస్, ఐటమ్స్ లిస్టు, ఆర్డర్ పెట్టిన కస్టమర్. దీన్ని కాపీ చేసి కాపీలో ఆ అడ్రస్ లోపల ఏదైనా మారిస్తే ఒరిజినల్లో కూడా మారిపోతోందంటే అది షాలో కాపీ. పైన డబ్బా కొత్తదే గానీ లోపల ఫీల్డులో ఉన్నది రిఫరెన్సే, అంటే అసలు ఆబ్జెక్ట్ ఎక్కడుందో చూపే గుర్తే కదా. జావాలో క్లోన్ డిఫాల్ట్‌గా చేసేదిదే, పైథాన్ కాపీ డాట్ కాపీ, జావాస్క్రిప్ట్‌లో మూడు చుక్కల స్ప్రెడ్ కూడా అంతే.

సరే డీప్ కాపీ, అంటే లోపలున్నవాటన్నిటికీ కూడా కొత్త కాపీలు, కొట్టేస్తే పోలా అంటారు. ఆ కస్టమర్ దగ్గర కూడా తన ఆర్డర్లన్నీ ఒక లిస్టులో ఉన్నాయనుకోండి, ఒక్క ఆర్డర్ కాపీ అడిగితే కస్టమర్, ఆయన పాత ఆర్డర్లు, వాటి ఐటమ్స్, ఐటమ్ నుంచి ప్రొడక్ట్, అక్కణ్ణుంచి కేటలాగ్, ఇలా ఊరంతా కాపీ అయి కూర్చుంటుంది. పైగా ఆ లిస్టులో మన మొదటి ఆర్డర్ కూడా ఉంటుంది కాబట్టి మామూలు రికర్షన్ (ఫంక్షన్ తనని తానే మళ్ళీ పిలుచుకోవడం) రాస్తే స్టాక్ నిండేదాకా తిరుగుతూనే ఉంటుంది.

పైథాన్ డీప్‌కాపీ దీనికి మెమో అనే డిక్షనరీ పెట్టుకుంటుంది, కాపీ చేసిన ప్రతి ఆబ్జెక్ట్ ఐడీకి ఎదురుగా దాని కాపీని దాచుకుని మళ్ళీ అదే తగిలితే దాచిందే ఇచ్చేస్తుంది. దీంతో ఇంకో పని కూడా అవుతుంది, బిల్లింగ్ అడ్రస్సూ షిప్పింగ్ అడ్రస్సూ ఒకే ఆబ్జెక్ట్ అయితే కాపీలో కూడా ఒకటిగానే ఉంటాయి, మెమో లేకపోతే అవి రెండుగా విడిపోయేవి, ఒకటి మారిస్తే రెండోది మారదు.

జావాస్క్రిప్ట్‌లో ఆబ్జెక్ట్‌ని జేసన్ అనే టెక్స్ట్‌గా మార్చి మళ్ళీ వెనక్కి తెచ్చే ట్రిక్ ఉందే, దాన్ని నేనైతే వాడను. డేట్ కాస్తా స్ట్రింగ్ అయిపోతుంది, అన్‌డిఫైన్డ్ ఉన్న ఫీల్డులు మాయం, మ్యాప్ ఖాళీ ఆబ్జెక్ట్ అవుతుంది. జావాస్క్రిప్ట్‌లోనే స్ట్రక్చర్డ్‌క్లోన్ అనే ఫంక్షన్ వచ్చాక డేట్, మ్యాప్, సైకిల్స్ (తిరిగి మొదటికే వచ్చే లింకులు) బాధ తీరింది గానీ మన క్లాస్ మెథడ్స్ మాత్రం రావు, వాటిని అందించే ప్రొటోటైప్ పోతుంది, లోపల ఫంక్షన్ ఉంటే ఎర్రరే.

నా మటుకు నాకు కావాల్సింది ఆబ్జెక్ట్ ఎవరిది అన్న లెక్క. ఆర్డర్ పోతే ఐటమ్స్‌కి పనే లేదు, అవి దాని సొంతం, కాపీ చెయ్యాలి. ఆర్డర్ పోయినా కస్టమర్ ఉంటాడు కాబట్టి అక్కడ రిఫరెన్స్ చాలు. అడ్రస్‌ని ఇమ్మ్యూటబుల్, అంటే తయారయ్యాక మార్చలేనిదిగా చేసేస్తే అసలు కాపీయే అక్కర్లేదు. ఫీల్డులన్నీ ఫైనల్‌గా ఉండే జావా రికార్డ్‌ని నమ్మి లోపల మామూలు అర్రే లిస్ట్ పెడితే మాత్రం ఫైనల్ అయ్యేది ఫీల్డే, లిస్టులోకి ఎవరైనా ఏదైనా తోసెయ్యొచ్చు, అందుకే కన్‌స్ట్రక్టర్‌లో మార్చలేని కాపీ ఇచ్చే లిస్ట్ డాట్ కాపీఆఫ్ పెట్టండి.

ఈ లెక్క తేలాక కాపీ కన్‌స్ట్రక్టర్ (పాత ఆబ్జెక్ట్‌ని తీసుకుని కొత్తది కట్టేది) చేత్తో రాసుకోవడమే. ఒకటే మెలిక, లిస్టులో ఐటమ్ అనుకున్నది నిజానికి దాని సబ్‌క్లాస్ అయిన డిస్కౌంట్ ఐటమ్ అయితే న్యూ ఐటమ్ అని రాసినచోట డిస్కౌంట్ ఎగిరిపోతుంది, అందుకని ప్రతి సబ్‌క్లాస్ తన కాపీ మెథడ్ తనే ఓవర్‌రైడ్ చేసుకోవాలి.

అన్నట్టు ఆర్డర్ ఐడీ సంగతి. మామూలు కాపీ పద్ధతులు దాన్ని ఉన్నదున్నట్టే కాపీ చేస్తాయి, డేటాబేస్‌లో సేవ్ కొట్టగానే పాత ఆర్డర్ మీద కొత్తది రాసుకుపోయే ప్రమాదం ఉంది, ఆ ఒక్క ఫీల్డూ మీరే ఖాళీ చెయ్యాలి.