నార్‌సెట్ ప్రిపరేషన్: వార్డు అలవాట్లు నా మార్కులు ఎలా తీసేశాయంటే

ఎయిమ్స్ ఆసుపత్రుల నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాలకు పెట్టే పరీక్ష నార్‌సెట్‌కు చదువుతున్న అక్కలకు, చెల్లెళ్లకు, తమ్ముళ్లకు నమస్కారం. మాది అనంతపురం జిల్లా. బీఎస్సీ నర్సింగ్ అయ్యాక నాలుగేళ్లుగా బెంగళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మెడికల్ వార్డు చూస్తున్నాను. మారతహళ్లిలో మన తెలుగువాళ్ల పీజీ హాస్టల్లో ఉంటూ, డ్యూటీ చేసుకుంటూనే చదివాను. మొదటిసారి ప్రిలిమ్స్ దగ్గరే ఆగిపోయాను. రెండోసారి మెయిన్స్ కూడా దాటాను, ఇప్పుడు నోటీస్ పీరియడ్‌లో ఉన్నాను. ఏ పుస్తకాలు చదవాలి, రోజుకు ఎన్ని గంటలు అన్నది మీకు చాలామంది చెప్పే ఉంటారు. నేను రోగి భద్రత, మందుల మీద వచ్చే ప్రశ్నల గురించి మాత్రమే రాస్తాను. మొదటిసారి నాకు మార్కులు ఎక్కువగా పోయింది అక్కడే.

రోజూ చేసే పనిలోనే మార్కులు ఎలా పోయాయో మొదట నాకు అర్థం కాలేదు. మాక్ టెస్టుల్లో తప్పులన్నీ ఒక నోట్‌బుక్కులో రాసుకుంటూ పోతే అప్పుడు తెలిసింది. విషయం తెలియక తప్పు పెట్టినవి కొన్నే. వార్డులో చేతికి అలవాటైన పద్ధతినే జవాబు అనుకుని పెట్టినవి చాలా ఉన్నాయి.

రక్తం ఎక్కిస్తున్న రోగి చలి, నడుం నొప్పి అంటున్నాడు, నర్సు మొదట ఏం చేయాలి? నేను ‘డాక్టరుకు చెప్పాలి’ అని పెట్టాను. వార్డులో ఏది జరిగినా మన చెయ్యి ముందు ఫోన్ మీదికే పోతుంది కదా, అందుకని. కానీ ఫోన్ ఎత్తి, డ్యూటీ డాక్టరు దొరికేలోపు ఆ రక్తం లోపలికి వెళ్తూనే ఉంటుంది. ముందు ట్రాన్స్‌ఫ్యూజన్ ఆపాలి. తర్వాత కొత్త సెట్‌తో నార్మల్ సెలైన్ పెట్టి లైన్ నిలబెట్టుకోవాలి, ఆ తర్వాతే డాక్టరుకు, బ్లడ్ బ్యాంకుకు చెప్పాలి. బ్యాగును పారేయకూడదు. మొదటి 15 నిమిషాలు రోగి పక్కనే ఉండమనేది ఇందుకే. ‘మొదట’ అన్న మాట కనిపిస్తే, ఈ క్షణంలో రోగికి జరుగుతున్న హానిని ఏ ఆప్షన్ ఆపుతుందో చూడండి. ఫోన్ చేయడం తప్పు కాదు, దాని వంతు తర్వాత వస్తుంది.

రోగిని గుర్తించే ప్రశ్నలూ అంతే. బెడ్ నంబరు గుర్తింపు కాదని అందరికీ తెలుసు, అయినా హ్యాండోవర్‌లో ‘పన్నెండో బెడ్ యాంటీబయాటిక్’ అనే అంటాం. మా వార్డులో ఒకసారి ఇద్దరు లక్ష్మమ్మలు పక్కపక్క బెడ్లలో ఉన్నారు. నేను ఇంజెక్షన్ ట్రేతో వెళ్లి ‘లక్ష్మమ్మనా?’ అని అడిగితే పెద్దావిడ తల ఊపింది. ఆవిడకు చెవులు సరిగా వినిపించవు, ఏమడిగినా తల ఊపుతుంది. చేతి బ్యాండు మీద ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు) చూశాను కాబట్టి ఆ మందు పక్క బెడ్‌దని తెలిసింది. అప్పటినుంచి నేనే పేరు అందించి అడగడం మానేశాను. ‘నిమ్మ హెసరు ఏను?’ అని కన్నడంలో అడిగి, వాళ్ల నోటితోనే చెప్పించుకుంటాను. బెంగళూరు వార్డుల్లో కన్నడం, తమిళం, హిందీ, తెలుగు అన్నీ కలిసి ఉంటాయి. మన మాట అర్థం కాకపోయినా మర్యాదకు ‘ఊఁ’ అనేవాళ్లు ఎంతోమంది. పేరుతో పాటు ఐపీ నంబరో, పుట్టిన తేదీయో, రెండు గుర్తులు చూడాలన్న నియమం అప్పుడు నాకు లోతుగా అర్థమైంది.

ఇన్సులిన్ సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. మన దేశంలో ఇన్సులిన్ వయల్స్ రెండు రకాలు, ఎంఎల్‌కు 40 యూనిట్లది ఒకటి, 100 యూనిట్లది ఒకటి. సిరంజీలూ రెండు, 40కి ఎర్ర క్యాప్, 100కి నారింజ రంగు క్యాప్. మా వార్డులో ఎప్పుడూ 40దే వచ్చేది. ఒక రాత్రి స్టాకు అయిపోతే ఫార్మసీ నుంచి 100 వయల్ వచ్చింది. నేను లేబుల్ చదవకుండా అలవాటుగా ఎర్ర క్యాప్ సిరంజి తీసి 12 గీత దాకా లోడ్ చేశాను. ఇన్సులిన్ ఇద్దరు చూశాకే ఇవ్వాలి కాబట్టి సీనియర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె మలయాళీ, మేమందరం చేచి (అక్క) అంటాం. ఆమె సిరంజిని చూడకుండా ముందు వయల్ నా చేతికిచ్చి ‘పైకి చదువు’ అంది. చదువుతూ మధ్యలోనే ఆగిపోయాను. ఆ సిరంజిలో 12 గీత అంటే 0.3 ఎంఎల్. 100 వయల్‌లో 0.3 ఎంఎల్ అంటే 30 యూనిట్లు. రాత్రి సగం చపాతీ కూడా తినని మనిషికి 12 బదులు 30 వెళ్లేవి. ఆ రోజు నా చేతులు వణికాయి. చేచి కోప్పడలేదు. జరిగింది జరిగినట్టు ఇన్సిడెంట్ రిపోర్టు రాయించింది. హాని జరగకపోయినా రిపోర్టు రాయాలి, అది రోగి కేస్ షీట్‌లో పెట్టకూడదు, ఈ రెండూ పరీక్షలో అడిగే విషయాలే. నేను వాటిని ఏ నోట్సులోనూ బట్టీ పట్టలేదు.

పొటాషియం క్లోరైడ్‌ను కూడా ఇలాగే దగ్గరగా చూసి చదవండి. 10 ఎంఎల్ యాంప్యూల్, 15 శాతంది, అందులో 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి. డైల్యూట్ చేయకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. సెలైన్‌లో వేశాక బాటిల్‌ను పైకీ కిందికీ తిప్పి బాగా కలపాలి, లేకపోతే మందంతా అడుగున చేరి మొదట అదే వెళ్తుంది. మామూలు వార్డులో గంటకు 10 మిల్లీ ఈక్వివలెంట్లు మించనివ్వరు. మొదలుపెట్టే ముందు మూత్రం సరిగా వస్తోందో చూడాలి. ఆ యాంప్యూల్ చూడటానికి డిస్టిల్డ్ వాటర్ యాంప్యూల్‌లాగే ఉంటుంది, అందుకే విడిగా పెడతారు.

సంతకం అలవాటు మీ అందరికీ ఉండే ఉంటుంది. ఎనిమిది గంటల మందులన్నింటికీ డ్రగ్ చార్టులో ముందే సంతకాలు పెట్టేసి, ఆ తర్వాత ట్రాలీ తోసుకుంటూ వెళ్లడం. రోగి వాంతి చేసుకున్నా, స్కానింగ్‌కు వెళ్లినా చార్టులో మాత్రం ఇచ్చినట్టే ఉంటుంది. సంతకం ఎప్పుడు, ఎవరు పెట్టాలి అంటే జవాబు ఎప్పుడూ ‘ఇచ్చాక, ఇచ్చిన మనిషే’. వేరేవాళ్లు లోడ్ చేసి పెట్టిన సిరంజిని ఇవ్వకూడదు. మాత్రలు టేబుల్ మీద పెట్టి ‘తర్వాత వేసుకోండమ్మా’ అని వచ్చేయకూడదు.

లెక్కల కోసం నేను విడిగా కూర్చోలేదు. వార్డులో వేలాడుతున్న ప్రతి డ్రిప్‌కూ మనసులో లెక్క కట్టేదాన్ని. 1000 ఎంఎల్, 8 గంటలు, ఎంఎల్‌కు 20 చుక్కలు పడే సెట్ అయితే నిమిషానికి 42 చుక్కలు. ఎంఎల్‌కు 60 చుక్కలు పడే మైక్రో సెట్‌లో అయితే గంటకు ఎన్ని ఎంఎల్ వెళ్లాలో నిమిషానికి అన్నే చుక్కలు, అంటే 125. సెట్ కవర్ మీద ఎన్ని చుక్కలో రాసే ఉంటుంది, చదవండి. దశాంశం దగ్గర జాగ్రత్త. 1.0 అని రాస్తే చుక్క కనిపించక 10 అవుతుంది, .5 అని రాస్తే 5 అవుతుంది.

విరుగుళ్లు బట్టీ పట్టాల్సిందే: హెపారిన్‌కు ప్రోటమిన్ సల్ఫేట్, వార్ఫరిన్‌కు విటమిన్ కె, మెగ్నీషియం సల్ఫేట్‌కు కాల్షియం గ్లూకోనేట్, పారాసిటమాల్‌కు ఎన్ అసిటైల్ సిస్టీన్. సెప్టెంబరు 17 ప్రపంచ రోగి భద్రతా దినం, 2022లో దాని అంశం మందుల భద్రత. ‘హాని లేని మందు’ అన్న కార్యక్రమాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మొదలుపెట్టింది.

ప్రిలిమ్స్‌లో 100 ప్రశ్నలకు 90 నిమిషాలే, మూడు తప్పులకు ఒక మార్కు కోత. అందుకే చివరి మాటగా నిద్ర గురించి చెప్తాను. మొదటిసారి నేను నైట్ డ్యూటీ దిగి, బస్సులోనే ఇడ్లీ తిని నేరుగా సెంటర్‌కు వెళ్లాను. ‘ఎక్సెప్ట్’ అన్న పదం చూడకుండా పెట్టిన జవాబులు బయటికొచ్చాక గుర్తొచ్చి బస్టాపులో ఏడ్చాను. పరీక్షకు ముందు మూడు రాత్రులు ఎలాగైనా ఖాళీ చేసుకోండి, నెల ముందే ఇన్‌చార్జ్ సిస్టర్‌ను అడగండి. రెండోసారి ఆ మూడు నైట్లూ నా బదులు చేసింది చేచినే.