విశాఖ తీరాన విమానాల వేట

ఎక్కడో మంచు కింద, మట్టిలో పూడుకుపోయిన యుద్ధవిమానాల కోసం తవ్వుకునే వాళ్ళ కథలంటే మా మేనల్లుడికి పిచ్చి. పరీక్షలు అవగానే విశాఖ తీసుకెళ్తానని మాటిచ్చాను. రాత్రి బస్సెక్కి, తెల్లారేసరికి ద్వారకా బస్టాండ్‌లో దిగాం.

ముందుగా బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియం. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ నౌక మీంచి లేచిన విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ బాంబు పెంకు ఇక్కడే ఉంది. మావాడికది ఆనలేదు. "ఒక్క విమానమైనా ఇక్కడ కూలలేదా మామయ్యా?" అన్నాడు.

అక్కడినుంచి, సబ్‌మెరైన్లను వెతికే టీయూ-142 విమానం దగ్గరికి. ఇప్పుడది మ్యూజియం. 29 ఏళ్ళు నేవీలో పనిచేసి, 2017లో రిటైరైన విమానం. లోపల సెల్ఫీల తోపులాట. మేం బయట నిలబడి తోకనే చూశాం. నిలువు రెక్క కొసన వెనక్కి పొడుచుకొచ్చిన కడ్డీలాంటిది ఒకటుంది. నీళ్ళలో దాగిన సబ్‌మెరైన్ ఉక్కు వల్ల భూమి అయస్కాంత క్షేత్రంలో వచ్చే చిన్న తేడాని అది పట్టేస్తుంది. పూడిపోయిన విమానాలు వెతికేవాళ్ళ దగ్గరుండే, అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మాగ్నెటోమీటర్‌దీ అదే సూత్రం. తిరకాసు ఎక్కడంటే, విమానం ఒళ్ళంతా అల్యూమినియం, దానికి అయస్కాంతం అంటదు. ఇంజన్‌లోని ఉక్కు, తుపాకులు, చక్రాల కాళ్ళు దొరికితేనే సూది కదులుతుంది.

మురీ మిక్చర్ తింటూ మావాడు గ్రీన్‌లాండ్ కథ ఎత్తుకున్నాడు. 1942 జులైలో అక్కడి మంచు మీద దిగిపోయిన అమెరికా విమానాల్లో పీ-38 అనే ఒక యుద్ధవిమానాన్ని యాభై ఏళ్ళ తర్వాత, 1992లో, 80 మీటర్ల లోతునుంచి పైకి తీశారు. వేడితో మంచు కరిగిస్తూ బావిలా దిగి, ముక్కలు ముక్కలుగా విప్పి తెచ్చారు. 2002లో అది మళ్ళీ ఎగిరింది కూడా.

నాకు మాత్రం రంగం, అంటే బర్మాలోని రంగూన్, కథే ఎక్కువ నచ్చుతుంది. మనవాళ్ళు పొట్ట చేతపట్టుకుని ఓడెక్కి వెళ్ళిన రంగూన్‌లోనే, మింగలడాన్ విమానాశ్రయంలో, పెట్టెల్లో పెట్టి పాతేసిన స్పిట్‌ఫైర్లు అనే బ్రిటిష్ యుద్ధవిమానాలు ఉన్నాయని ఎవరో చెప్పారు, ఇంకెవరో నమ్మారు. 2013లో యంత్రాలతో తవ్వితే ఒక్కటీ దొరకలేదు. ముందు పాత రికార్డులు తిరగేయాలి, పార పట్టడం తర్వాత సంగతి. అరుణాచల్ కొండల్లో 2006లో బయటపడ్డ బీ-24 అనే అమెరికా బాంబర్ విమానం కథ అలాంటిది కాదు. అక్కడ వెతికింది విమానం కోసం కాదు, 1944లో దాంట్లో పోయిన మనుషుల కోసం. దొరికిన అవశేషాలు 2016లో అమెరికా చేరాయి. ఇది చెబితే మావాడు కాసేపు మిక్చర్ పొట్లం పక్కన పెట్టాడు.

సాయంత్రం జాలరిపేట వైపు నడిచాం. యుద్ధకాలపు పిల్‌బాక్స్, అంటే సైనికులు లోపలుండి కాల్చే కాంక్రీటు గది, ఒకటి ఇసుకలో కూరుకుపోయి ఉంది. తుపాకీ పెట్టే సందు అంచున కాంక్రీటు పెచ్చులూడి, లోపలి ఇనపచువ్వలు తుప్పుతో ఉబ్బిపోయాయి. పక్కనే వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని మావాడు అడిగాడు, సముద్రంలో వల దేనికైనా చిక్కుకుంటుందా అని.

"సిక్కుద్ది బాబూ. అడుగున ఇనుముంటే సిక్కుద్ది. అక్కడే సేపా ఉంటాది."

"ఎక్కడ తాతా? చెప్తే మ్యాపులో గుర్తు పెట్టుకుంటా."

పెద్దాయన నవ్వాడు. "సెప్పీస్తే ఇంక మాకేటి మిగుల్తాది బాబూ?"