ఓపిక లేకా, మనసు రాకా? డయాలసిస్ ఇంట్లో రెండు నెలల లెక్క

శ్రీకాకుళం జిల్లా మా ఉద్దానంలో డయాలసిస్ మనిషి ఉన్న ఇల్లు వెతుక్కోనక్కర్లేదు. ఆ ఇంట్లో "మనిషికి ఒట్టి బద్ధకం అయిపోనాది" అనే మాట కూడా వెతుక్కోనక్కర్లేదు. సోంపేట దగ్గర మా ఊళ్లో నాన్న సోమ, బుధ, శుక్రవారాలు నాలుగేసి గంటలు మెషిన్ మీద ఉంటాడు. మిగిలిన టైమంతా మంచం మీదే. ఆ బద్ధకం మూట విప్పి చూస్తే లోపల రెండు వేరు వేరు సరుకులున్నాయి: ఓపిక లేని నీరసం ఒకటి, మనసు రాని నిరాసక్తత ఇంకొకటి. వాటిని విడదీయడానికి మాకు రెండు నెలలు పట్టింది. ఎలా విడదీశామో రాస్తున్నాను.

జీడిపిక్కల బేరంతో చెప్తే మా వైపు వాళ్లకి తొందరగా అర్థమవుతుంది. 80 కేజీల బస్తా ఇంట్లోంచి కదల్లేదంటే కూలీ, బండి కిరాయి మోయలేనంత అయ్యుండొచ్చు. లేదా మార్కెట్లో పిక్కల రేటు పడిపోయుండొచ్చు. వీధిలోంచి చూసేవాడికి మాత్రం బస్తా అక్కడే ఉంది, అంతే. నీరసం పని ఖరీదు పెంచేస్తుంది. నిరాసక్తత ఆ పని వల్ల వచ్చేదాని రేటు పడగొట్టేస్తుంది. కిరాయి ఎక్కువైన చోట రేటు గురించి ఎంత చెప్పినా బస్తా కదలదు. రేటు పడిపోయిన చోట బండి ఉచితంగా పంపినా కదలదు.

ఆక్స్‌ఫర్డ్‌లో నరాల డాక్టరు మసూద్ హుసేన్ బృందం దీన్ని చేతిపట్టు కొలిచే పరికరంతో పరీక్షించింది. తెర మీద ఆపిల్ చెట్టు, చెట్టుకి కొన్ని కాయలు, ఆ కాయలు దక్కాలంటే పరికరాన్ని ఎంత గట్టిగా నొక్కాలో చూపించే గీత. ఒప్పుకుంటావా, వద్దంటావా? మనకైతే కొబ్బరిచెట్టు గీస్తే సరిపోయేది. పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) ఉన్నవాళ్లలో నిరాసక్తత ఎక్కువున్నవారు ముఖ్యంగా తక్కువ కాయలున్న బేరాల్ని కాదన్నారు. ఆ జబ్బుకి వాడే డోపమైన్ మందు వేసుకున్నప్పుడు కష్టం ఎక్కువున్నా, కాయలు కూడా ఎక్కువుంటే ఒప్పుకోవడం పెరిగింది. 2021లో వచ్చిన మరో అధ్యయనం అలసటని రెండుగా విడదీసింది: కాసేపు కూర్చుంటే పోయేది ఒకటి, కూర్చున్నా పోకుండా పనితోపాటు పేరుకుపోయేది ఇంకొకటి. నాన్న విషయంలో నాకు ఎక్కువ పనికొచ్చింది ఈ రెండో ముక్కే.

మనసు జోలికి వెళ్లేముందు ఒంటి లెక్క తేల్చుకోవాలి. మేం తిరగేసి చేశాం, నెల రోజులు దండగయింది.

మొదట హిమోగ్లోబిన్. కిడ్నీ చెడితే రక్తం తయారవమని చెప్పే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోను తగ్గిపోతుంది, అందుకే దాన్ని సూదిగా ఇస్తారు. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకి 10 నుంచి 11.5 మధ్య ఉంచాలని చూస్తారు. నాన్నకి సూదులు పడుతున్నా 7.8 దగ్గరే ఆగిపోయింది. కారణాలు రెండు దొరికాయి. ఒకటి ఇనుము: ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో వాడుకోడానికి ఎంత ఇనుముందో చెప్పే లెక్క) 20 శాతం కంటే తక్కువుంది. ఇనుము లేకుండా సూది ఎన్ని పొడిచినా రక్తం పట్టదు. సెంటర్లో సెలైన్‌తో ఇనుము ఎక్కించాక గానీ అంకె కదల్లేదు. రెండోది మా తప్పే. ఆ సూదిమందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డ కట్టకూడదు, కుదపకూడదు. మేం థర్మోస్‌లో ఐసుముక్కల మధ్య నేరుగా గుచ్చి, ఆటోలో కుదుపుకుంటూ తెచ్చేవాళ్లం. ఇప్పుడు సిరంజిని గుడ్డలో చుట్టి, ఐసుకి తగలకుండా మధ్యలో అట్టముక్క పెట్టి తెస్తున్నాం. ఇంట్లో ఫ్రిజ్ మధ్య అరలో పెడతాం, ఫ్రీజర్ కింద అరలో ఎప్పుడూ పెట్టం. మందు మార్పు ఫలితం కనపడటానికి కొన్ని వారాలు పడుతుంది, మర్నాటికే లేచి నడవాలని చూడకండి.

తర్వాత నీళ్లు. గంటకి కేజీ బరువుకి 13 మిల్లీలీటర్ల కంటే వేగంగా నీరు లాగితే ఒంటికి మంచిది కాదంటారు. నాన్న బరువు 52. 52ని 13తో, తర్వాత 4 గంటలతో గుణిస్తే 2.7 లీటర్లు. ఆయన ఒక్కోసారి మూడున్నర కేజీలు పెరిగి వెళ్లేవాడు. బీపీ పడిపోయి, కాలి పిక్కలు పట్టేసి, ఇంటికొచ్చి మర్నాడు మధ్యాహ్నం దాకా పడకే. దాన్నే మేం "డయాలసిస్ నీరసం" అని సర్దుకున్నాం. చోడి అంబలి, గంజి కూడా నీళ్లేనని, ఉప్పుచేప, ఆవకాయ తింటే దాహం ఆగదని అమ్మకి నచ్చజెప్పడం మాత్రం అన్నిటికంటే కష్టమయింది. ప్రతిసారీ ఒక్క ప్రశ్న అడిగి రాసుకోండి: "మెషిన్ దిగాక మళ్లీ మామూలు మనిషివి అవడానికి ఎన్ని గంటలు పట్టింది?" నాన్నకి 18 నుంచి 6కి దిగింది.

మందుల చీటీ కూడా ఒకసారి పరచి చూడాలి. కాళ్ల మంటకని బయట ఎవరో రాసిన గాబాపెంటిన్ రోజుకి రెండు పూటలా పడుతోంది. అది కిడ్నీ గుండానే పోవాల్సిన మందు. కిడ్నీ లేనప్పుడు ఒంట్లోనే మిగిలిపోయి మగతగా ఉంచుతుంది. కిడ్నీ డాక్టరు మోతాదు తగ్గించి, డయాలసిస్ అయ్యాకే వేయమన్నారు. సొంతంగా మానిపించకండి. థైరాయిడ్ కూడా చూపించాం, బావుంది.

డిప్రెషన్‌కి పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నలు అడుగుతారు, 27కి మార్కులు, 10 గానీ అంతకు మించి గానీ వస్తే అనుమానం. ఇక్కడొక చిక్కుంది. నిద్ర, ఆకలి, నీరసం ప్రశ్నలకి కిడ్నీ జబ్బే మార్కులు వేయించేస్తుంది. అందుకని దిగులు, తనమీద తనకి అసహ్యం, చావు ఆలోచనల ప్రశ్నల్ని విడిగా చూడమని మా డాక్టరు చెప్పారు. నాన్నకి వాటిలో సున్నా. ఆయన ఏడవడు, బాధపడడు. టీవీలో ఏది పెడితే అది చూస్తాడు. నిరాసక్తత అంటే అదే. దానికోసం సైకియాట్రిస్టు రాబర్ట్ మారిన్ 1991లో ఇచ్చిన 18 ప్రశ్నల కొలమానం వేరే ఉంది. పైగా సెర్ట్రలిన్ తరహా మందులు కొందరిలో ఈ పట్టనితనాన్నే పెంచుతాయి కాబట్టి, తొందరపడి డిప్రెషన్ బిళ్ల రాయించుకోకపోవడం మంచిదైంది.

ఇక పుస్తకం. స్కూలు నోటు బుక్కులో నాలుగు గడులు: టైము, పని, ఓపిక పదికెంత, మనసు పదికెంత. పని ముందూ, తర్వాతా కూడా అడగాలి. నిజం నీరసమైతే పని అయ్యాక ఓపిక అంకె పడిపోతుంది. నాన్నకి మంగళవారం పొద్దున్న టీ కొట్టుకి వెళ్లకముందు ఓపిక 3 అన్నాడు, వచ్చాక 5 అన్నాడు. అంటే అది నీరసం కాదు.

తర్వాత బేరం మార్చి చూశాం. ముందు కష్టం తగ్గించాం: "నడవొద్దు నాన్నా, బండి మీద తీసుకెళ్తాను."

"ఒద్దురా. ఎల్లి ఏటి సేత్తాను?"

అంటే కిరాయి కాదు, రేటు. మరో రోజు నడకే గానీ, ఆయన తోడల్లుడు అక్కడ కూర్చుని పిలిపించాడు. వెళ్లాడు. అదే మనిషి బుధవారం సాయంత్రం: "ఎల్లాలనే ఉంది గానీ కాళ్లు రాటం నేదు." ఒకే మనిషిలో, ఒకే వారంలో రెండూ ఉన్నాయి. విడివిడిగా రాస్తే గానీ అది మాకు కనపడలేదు.

బుధ, శుక్రవారాల సాయంత్రాలు నీరసానివి. ఆ పూట ఏమీ అడగం. స్నానానికి ప్లాస్టిక్ స్టూలు వేశాం. పదినిమిషాలు పని, ఐదు నిమిషాలు కూర్చోవడం, అలసిపోకముందే. మంగళ, గురువారాలు మనసు సంగతి. "ఏం చేద్దాం నాన్నా?" అని అడిగితే "ఏటీ ఒద్దు" తప్ప వేరే జవాబు రాదు. అందుకని సగం మొదలెట్టి చేతిలో పెడతాం. మా పాప కొబ్బరాకు పట్టుకొచ్చి "తాతా, బూర" అంటుంది. అరనిమిషంలో ఫలం చేతికొచ్చే పని అది. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చే రక్తనాళం) ఉన్న చేతికి బరువూ పడదు. నెలాఖర్న మందుల షాపు లెక్క చూడమంటే మాత్రం ఇప్పటికీ కదలడు, ఫలం దూరంగా ఉంది కదా. హుషారుగా ఉన్న మంగళవారం నాడు పొలం దాకా నడిపిస్తే గురువారం మొత్తం పడకే. అది మా అత్యాశ.

ఒక్క సంగతి ఈ పుస్తకంలో రాయకూడనిది. శుక్రవారం నుంచి సోమవారం దాకా పొడుగు విరామం, పైగా చుట్టూ కొబ్బరితోటలు, వచ్చినవాళ్లంతా బొండం కొట్టి ఇస్తారు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ పనిచేయకపోతే అది ఒంట్లోనే పేరుకుని గుండె మీదికొస్తుంది. ఆదివారం రాత్రో, సోమవారం పొద్దున్నో కాళ్లు ఉన్నట్టుండి బరువెక్కి లేవలేకపోతే, గుండె తడబడుతున్నట్టుంటే ఓపిక ఎంత, మనసు ఎంత అని అడుగుతూ కూర్చోవద్దు. సెంటరుకి ఫోన్ చేస్తూనే ఆటో పిలవండి.