కాలి మిషన్ తలకి చేతి హ్యాండిల్: సింగర్ 15కే పని ఎంతవరకు వచ్చింది

పాత ఇనుప సామాన్ల కొట్టులో, స్టాండు లేకుండా తల ఒక్కటే దొరికిన సింగర్ 15కే కుట్టుమిషన్ ఇప్పుడు చేత్తో తిప్పితే కుడుతోంది. చెక్క పీట ఇంకా తయారవ్వాలి. ఈలోగా అయిన పని రాసిపెడుతున్నాను. ఇలాంటి తల ఎవరింట్లోనైనా అటక మీద ఉంటే పనికొస్తుంది.

సీరియల్ నంబరు ఇంగ్లీషు ‘ఇ’ అక్షరంతో మొదలవుతోంది కాబట్టి ఇది స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో తయారైన మిషన్. ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. అక్కడి రైల్వే స్టేషన్ పేరు మాత్రం ఇప్పటికీ సింగరే! మన దగ్గర దొరికే నల్ల మిషన్లు చాలావరకు ఈ 15 నమూనాలోనే ఉంటాయి. ఉషా నల్ల మిషన్ పక్కన పెడితే రెండూ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. అందుకే సూది, బాబిన్, బాబిన్ కేసు కోసం తిరగక్కర్లేదు. సన్నటి పొడుగు బాబిన్‌తో నడిచే ఇంకా పాతవి చూడ్డానికి అందంగా ఉంటాయి గానీ, వాటిలో బాబిన్ పెట్టే షటిల్ పోయిందంటే వెతుక్కుంటూ కూర్చోవాలి. మొదటిసారి చేసేవాళ్లు వాటి జోలికి పోకపోవడమే మేలు.

హ్యాండిల్ పెట్టాలనుకుంటే కొనేముందే రెండు చూసుకోవాలి. ఒకటి, చక్రానికి ఆకులు ఉండాలి. హ్యాండిల్‌కి ఉండే వేలులాంటి ముక్క ఆ ఆకుల మధ్యకి వెళ్లి చక్రాన్ని తోస్తుంది. చక్రం నిండుగా ఉంటే దానికి పట్టు దొరకదు, చక్రం మార్చాల్సిందే. రెండోది, చక్రం దగ్గర స్తంభం మీద మరలున్న కన్నంతో ఒక ఉబ్బు ఉండాలి. మోటారు బిగించేది కూడా అక్కడే. బాగా పాత కాలి మిషన్లు కొన్నింటికి అది ఉండదు. నాదానికి రెండూ ఉన్నాయి.

అసలు పని హ్యాండిల్ కాదు, శుభ్రం చేయడమే. చక్రం అంగుళం కూడా కదల్లేదు. ఎండిన నూనె లోపల గోధుమరంగు జిగురైపోయింది. ఇళ్లలో చేతికందిన కొబ్బరి నూనె పోస్తుంటారు, దాని ఫలితం ఇదే. పక్క మూత విప్పి, తలని వెనక్కి పడుకోబెట్టి, నూనె కన్నాలన్నిటిలోనూ, కదిలే ప్రతి కీలు దగ్గరా కిరోసిన్ చుక్కలు వేసి రాత్రంతా వదిలేశాను. కదలని చోట హెయిర్ డ్రయర్‌తో వేడి తగిలించి మళ్లీ వేశాను. బలం మాత్రం పెట్టకూడదు. చక్రం ముందు కొంచెం ఊగుతుంది, తర్వాత సగం తిరుగుతుంది, ఆ తర్వాత ఒక్కసారిగా వదులుతుంది. అప్పుడు కిరోసిన్ అంతా తుడిచి మిషన్ ఆయిల్ వేయాలి. కిరోసిన్ ఒక్కదానితో నడిపితే ఇనుము అరుగుతుంది.

నల్లరంగు మీది బంగారు పూతకి స్పిరిట్, థిన్నర్ తగలనివ్వకండి. పైనున్న లక్క పొర కరిగి పువ్వులు లేచిపోతాయి. దూదికి మిషన్ ఆయిల్ అద్ది మెల్లగా రుద్దితే చాలు. ఆలస్యమైనా ఫర్వాలేదు. సూది కింది పళ్ల మధ్య పీచు గట్టిగా అట్టకట్టి ఉంటే పాత సూదితో గీకి తీశాను.

చక్రం మధ్య మర వదులు చేస్తే, బాబిన్ చుట్టేటప్పుడు సూది ఆగిపోవాలి. విప్పి బిగించాక ఆగకపోతే లోపలి వాషర్‌ని సగం చుట్టు తిప్పి పెట్టండి. చాలామంది ఇక్కడే మిషన్ పాడైందనుకుంటారు.

హ్యాండిల్ సెట్ మిషన్ సామాన్ల కొట్లో కొత్తదే కొన్నాను. బిగించడం తేలికే. వేలు చక్రం ఆకుల మధ్య ఎక్కడా ఒరుసుకోకుండా చూసుకుని మర బిగించాలి. వేలికున్న తోలు పల్చగా ఉంటే టకటకమంటుంది. చెప్పులు కుట్టే ఆయన దగ్గర తోలు ముక్క తీసుకుని అతికిస్తే ఆ చప్పుడు పోయింది. పళ్ల చక్రాలకి ఆయిల్ కాదు, గ్రీజు రాయాలి. హ్యాండిల్ ఒక చుట్టుకి సుమారు మూడు కుట్లు పడతాయి. మిషన్ చక్రం మనవైపుకి తిరుగుతుంది, హ్యాండిల్‌ని మాత్రం మననుంచి అవతలికి తిప్పాలి. మధ్యలో పళ్ల చక్రం ఉంది కదా! కాలి మిషన్ అలవాటున్న మా అమ్మ చెయ్యి చాలాసేపు వెనక్కే పోయింది.

కుట్టు పరీక్షకి పైన ఎర్ర దారం, కింద తెల్ల దారం, బట్ట పాత పంచె ముక్క, సూది 14 నంబరు. బట్ట కింద ఎర్ర ఉండలు పడ్డాయి. ఇలా అయితే ముందు బాబిన్ కేసు మీది మరని ముట్టుకోకండి, పై దారం దాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లల మధ్యకి సరిగా వెళ్లలేదని అర్థం. బట్టని నొక్కే మిషన్ పాదం పైకెత్తి ఉంచి మళ్లీ దారం ఎక్కిస్తే కుదిరింది. సూది ఎటు పెట్టాలో అనుమానమొస్తే, పొడవు గాడి ఉన్న వైపునుంచే దారం కన్నంలోకి వెళ్లాలని గుర్తుంచుకోండి.

గలీబులు, బొంత అంచులు బాగా వస్తున్నాయి. కుడిచెయ్యి హ్యాండిల్‌కే పోతుంది, బట్ట ఎడమచేత్తోనే నడపాలి. పొడవాటి కర్టెన్లకి విసుగే. మూలలు తిప్పేటప్పుడు మాత్రం ఒక్కో కుట్టు మన చేతిలో ఉంటుంది, కాలి మిషన్‌లో ఇంత అదుపు నాకెప్పుడూ రాలేదు.

మిగిలింది పీట. ఈ తల అడుగు పలక పద్నాలుగున్నర అంగుళాల పొడవు, ఏడు అంగుళాల వెడల్పు. వడ్రంగికి ఈ కొలతలతో పాటు తలని కూడా ఇచ్చాను. కింద కదిలే కడ్డీలు చెక్కకి తగలకుండా, చక్రం అడుగున ఖాళీ ఉండేలా, నూనె వేయడానికి వెనక్కి మడిచేందుకు వేరే ఏదైనా పాత స్టాండు కీళ్లే వాడమన్నాను. ఆయన టేకు అంటున్నాడు, నేను వేపకే బేరమాడుతున్నాను.