సుత్తి, టార్చి, ఆరు బొమ్మల కార్డు

ఇంగ్లండ్‌లో చాలా వైద్య కళాశాలలు ఎంబీబీఎస్ మధ్యలో ఏడాది ఆగి బీఎస్సీ చేయనిస్తాయి. ఆ ఏడాదిలో పరిశోధన ప్రాజెక్టు కూడా ఉంటుంది. కర్నూలులో చదివిన నాకు పరిశోధన అంటే పీజీలో తప్పక రాయాల్సిన థీసిస్సే! ఇప్పుడు నేను పనిచేసే పక్షవాతం వార్డుకు ఇరవై ఏళ్ల పిల్లలు ప్రాజెక్టు ఇమ్మంటూ వస్తుంటారు.

అందరి కళ్లూ ఎంఆర్‌ఐ మీదే. నేను మాత్రం ముందు మంచం దగ్గరికి తీసుకెళ్తాను. పక్షవాతం తీవ్రతను కొలిచే ఎన్ఐహెచ్ఎస్ఎస్‌లో సున్నా నుంచి 42 వరకు మార్కులు. చెయ్యి చాపించి పది సెకన్లు చూడాలి, కాలు ఎత్తించి ఐదు. ఒకే రోగికి ఇద్దరు విద్యార్థులు చెరో లెక్క వేస్తే, పైన ఎంత గొప్ప గణాంకాలు కట్టినా దండగే.

అందులో ఆరు బొమ్మల కార్డు ఒకటుంది. కొడుకును చూడటానికి వచ్చి పక్షవాతం బారిన పడిన తెలుగు పెద్దావిడకు దాన్ని చూపించాం. తాళంచెవి, కుర్చీ టక్కున చెప్పారు. చేతి తొడుగు దగ్గర ఆగిపోయారు. “ఇదేమిటమ్మా?” అన్నాను. “చలికి వేసుకునేది నాయనా, మా కోడలికుంది.” పక్కనున్న విద్యార్థిని వెంటనే అడిగింది: పేరు గుర్తురాలేదా, లేక ఆ వస్తువుతో ఆవిడకు ఎన్నడూ పని పడలేదా? మొదటి వారంలోనే అలాంటి ప్రశ్న వేసిన పిల్లకు ప్రాజెక్టు ఇవ్వకుండా ఎలా ఉంటాను?

పరిశోధనలో రోగిని చేర్చుకునే అనుమతి వ్యవహారం మరో చదువు. రోగికి నిర్ణయించుకునే స్థితి లేకపోతే, ఇక్కడి 2005 నాటి మెంటల్ కెపాసిటీ చట్టం ప్రకారం దగ్గరివారిని సంప్రదించాలి. “మీ ఇష్టం ఏమిటి” అని కాదు, “అమ్మగారే చెప్పగలిగితే ఏమనేవారు” అని అడగాలి. ‘కొడుకుని, నేను సంతకం పెడతానుగా’ అనే మనవాళ్లకు ఇది మింగుడుపడదు. నాకు మాత్రం ఈ పద్ధతే నచ్చింది.

హైదరాబాద్ నుంచి, గుంటూరు నుంచి విద్యార్థులు నాకు ఈమెయిళ్లు రాస్తుంటారు, లండన్‌లో అవకాశం చూడమని. అబ్జర్వర్‌గా వస్తే సాధారణంగా రోగి మీద చెయ్యి వేయనివ్వరు, ఖర్చు మాత్రం తడిసి మోపెడవుతుంది. వాళ్లకు హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి సంగతి చెబుతాను. న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి బృందం అక్కడ 648 మంది డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్షీణించే జబ్బు) రోగుల కేసు రికార్డులు పరిశీలించి, ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు 2013లో ప్రచురించింది. చదువురానివారిలోనూ ఆ తేడా కనిపించింది. ఆ అధ్యయనానికి ఆధారం రోజూ ఓపీలో నింపే కాగితాలే, బహుభాషల ఊరే.

ఎంబీబీఎస్ విద్యార్థుల కోసం ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 1979 నుంచి ఎస్‌టీఎస్ అనే రెండు నెలల పరిశోధన పథకం నడుపుతోంది, స్టైపెండ్ కూడా ఉంది. గైడు సొంత కళాశాలలోనే దొరకవచ్చు. ముందు మీ న్యూరాలజీ ఓపీలో వారం రోజులు కూర్చుని, రోగుల కాగితాల్లో ఏ గడి ఎప్పుడూ ఖాళీగా వదిలేస్తున్నారో చూసి రాయండి అని జవాబిస్తాను. కొందరు మళ్లీ రాస్తారు.