మూసిన తలుపుల తీరంలో మాఘమాసపు ఎండ

ఫిబ్రవరి మొదటి వారంలో ఫ్రాన్స్ దక్షిణాన మధ్యధరా తీరంలో ఉన్న నీస్, మెంటన్ ఊళ్లు చూడడానికి వెళ్తున్నానని చెప్పగానే జర్మనీలో స్టుట్‌గార్ట్‌లోని మా తెలుగువాళ్లంతా ఒకే మాట అన్నారు. నీళ్లలో కాలు పెట్టలేని కాలంలో సముద్రం దగ్గరికి వెళ్లడం దేనికి, జూన్ దాకా ఆగితే ఏం పోయింది, డబ్బు దండగ అని. నవంబరు నుంచి సూర్యుణ్ణి సరిగా చూడని నాకు ఆ సలహా రుచించలేదు. ఈత కోసం కాదు, ఎండ కోసం వెళ్తున్నానని చెప్పి బయలుదేరాను.

నీస్‌లో దిగిన సాయంత్రం మాత్రం వాళ్ల మాటే నిజమేమో అనిపించింది. నేను బస చేసిన వీధిలో వరసగా భోజనశాలల తలుపులు మూసి ఉన్నాయి. ప్రతి తలుపు మీదా వార్షిక సెలవులంటూ ఒక కాగితం, దాని కింద చేత్తో రాసిన తేదీ. వేసవిలో పడక కుర్చీలు, గొడుగులు పరిచే ప్రైవేటు బీచ్‌లు చాలావాటిని విప్పేయడంతో గులకరాళ్ల తీరం బోసిగా కనిపించింది. గది అద్దె వేసవి ధరలో సగమే అయినందుకు సంతోషించాను గాని, గదిలో హీటరు సాయంత్రం ఆరు దాటితే తప్ప వెచ్చబడదు. పగలంతా ఎండ ఉంటుంది కదా అన్నది హోటల్ యజమానురాలి సమాధానం. సముద్రానికి ఎదురుగా ఉన్న కాఫీ దుకాణంలో ఒక చిన్న కప్పుకు ఐదు యూరోలు తీసుకున్నారు. జనం లేని కాలంలో కూడా ఆ ధర తగ్గకపోవడం నాకు నిజంగా కష్టంగా అనిపించింది.

మర్నాడు ఉదయం పది గంటలకు సముద్రపు ఒడ్డున ఉన్న పొడవాటి బాట మీదికి వచ్చాక యజమానురాలి మాట అర్థమైంది. గాలిలో ఉష్ణోగ్రత 14 డిగ్రీలకు మించి ఉండదు, కాని ఎండ ఒంటి మీద పడుతుంటే కోటు బొత్తాలు విప్పాలనిపిస్తుంది. ఆ బాట పొడవునా ఉండే నీలం రంగు కుర్చీల్లో ఊళ్లోని వృద్ధులు మెడకు కండువాలు చుట్టుకుని, కళ్లు మూసుకుని, ముఖాలు సూర్యుడి వైపు తిప్పి కూర్చున్నారు. ఎవరూ ఫోటోలు తీసుకోవడం లేదు, ఎవరూ దేనికీ తొందరపడడం లేదు. వాళ్లు ఎండ కాచుకోవడానికి ప్రతిరోజూ వచ్చేవాళ్లని చూడగానే తెలుస్తుంది. ఇదే ఈ ఊరి అసలు పని అని, వేసవి రద్దీ తర్వాతి కాలంలో వచ్చి చేరిందని నాకు ఆ తర్వాత తెలిసింది.

ఉత్తరపు చలిగాలిని ఆల్ప్స్ పర్వతాలు అడ్డుకోవడం వల్ల ఈ తీరం వెచ్చగా ఉంటుంది. ఈ సంగతి కనిపెట్టి పద్దెనిమిదో శతాబ్దం నుంచే ఇంగ్లీషువాళ్లు ఇక్కడ చలికాలం గడపడం మొదలుపెట్టారు. అప్పటికి నీస్ ఫ్రాన్స్‌లో లేదు, 1860లో గాని కలవలేదు. 1820లలో ఒక గడ్డు చలికాలంలో పనులు లేక పస్తులున్నవారికి కూలి కల్పించడానికి లూయిస్ వే అనే ఇంగ్లీషు పాదిరి చందాలు పోగుచేసి తీరం వెంట దారి వేయించాడు. నేను కూర్చున్న బాటకు అదే మొదలు. 1864లో రైలు వచ్చాక లండన్ నుంచి, సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి కలిగిన కుటుంబాలు సామాన్లతో, నౌకర్లతో సహా దిగేవి. అక్టోబరులో తెరిచి వసంతం ముగిసేసరికి మూసేసే హోటళ్లు ఉండేవి. 1920లలో కొందరు అమెరికన్లు వేసవిలోనూ ఇక్కడ ఉండిపోవడం, 1936లో ఫ్రాన్స్‌లో కార్మికులకు జీతంతో కూడిన సెలవులు చట్టమై రైళ్ల నిండా జనం సముద్రానికి రావడం, ఈ రెండింటితో కాలం తలకిందులైంది. యునెస్కో కూడా 2021లో నీస్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది శీతాకాలపు విడిది నగరంగానే. వేసవి తీరమని మనం అనుకుంటున్నది నిజానికి చలికాలం కట్టుకున్న ఊరు.

ఇదంతా నాకు పుస్తకాల కన్నా ఎక్కువగా ఒక బస్సు ప్రయాణంలో తెలిసింది. మెంటన్ వెళ్లాలనుకున్న రోజు రైళ్లు సమ్మెలో ఉన్నాయి. సణుక్కుంటూ రేవు దగ్గరికి నడిచి, అందరూ ఇంకా పాత నంబరుతో వంద అనే పిలిచే 607 బస్సు ఎక్కాను. టికెట్టు మూడు యూరోల లోపే. ఈ తీరంలో ఇచ్చిన డబ్బుకు ఇంత విలువ దొరికిన చోటు నాకు మరొకటి కనబడలేదు. విల్‌ఫ్రాంష్ దాటేవరకు నిలబడే ఉన్నాను. రైళ్లు లేని రోజు కాబట్టి దారిలో ఉన్న మొనాకో అనే చిన్న దేశంలో పనికి వెళ్లేవారంతా ఈ బస్సులోనే ఉన్నారు. హోటల్ యూనిఫారం మీద లావుపాటి కోటు తొడుక్కున్న అమ్మాయిలు, ఒడిలో పనిముట్ల సంచి పెట్టుకుని కునుకు తీస్తున్న తాపీ పనివాళ్లు. మొనాకోలో అద్దెలు భరించలేక చుట్టుపక్కల ఊళ్లలో ఉంటూ రోజూ ఇలా వెళ్లి వస్తారు. అద్దం అవతల ఒక్కో మలుపులో సముద్రం ఎంత నీలంగా మెరుస్తున్నా వాళ్లలో ఒక్కరూ తలెత్తి చూడలేదు.

బోల్యూలో కుడివైపు కిటికీ పక్కన సీటు దొరికింది. నా పక్కన ఎనభై ఏళ్లుంటాయనిపించే ఒక పెద్దాయన కూర్చున్నాడు, చేతిలో పత్రికలో చుట్టిన మిమోజా అనే పసుపు పూల కొమ్మలు. ఆవగింజంత మొగ్గలు కొన్ని, శెనగగింజంత విచ్చినవి కొన్ని, పసుపు రాలి ఆయన నల్ల కోటు మోకాలి దాకా అంటుకుని ఉంది. నేను అటే చూస్తుండడం గమనించి చిన్న రెమ్మ విరిచి ఇచ్చాడు. మెంటన్ పక్కనున్న కాప్ మార్టిన్‌లో డబ్బున్నవాళ్ల తోటల్లో మాలీగా పనిచేసి విరమించాడట. ఈ చెట్టు ఇక్కడిది కాదు మదాం, ఆస్ట్రేలియా నుంచి ఇంగ్లీషువాళ్లు తెచ్చింది, చలికాలంలో పూస్తుంది కాబట్టే తెచ్చారు, వేసవిలో వాళ్లు ఇక్కడ ఉండరు కదా అన్నాడు. నాకు వచ్చిన కొద్దిపాటి ఫ్రెంచి, ఆయనకు వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషు కలిపి మాట్లాడుకున్నాం. వాళ్ల అమ్మమ్మ మెంటన్‌లో ఒక పెద్ద హోటల్లో దుప్పట్లు ఉతికేదట. వేసవి వస్తే హోటల్ మూసేవాళ్లు, అప్పుడు ఆమె కొండ మీద నిమ్మతోటల్లో కూలికి వెళ్లేదట. ఆ హోటల్ ఇప్పుడేమైందని అడిగాను. అపార్ట్‌మెంట్లుగా చీల్చి అమ్మేశారని, సగం కిటికీలు ఏడాదిలో పది నెలలు మూసే ఉంటాయని చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో కోపం లేదు గాని నాకు మాత్రం కోపం వచ్చింది. చలికాలంలో ఈ ఊళ్లు చిన్నబోవడానికి వాతావరణం కాదు కారణం, ఇళ్లు కొన్నవాళ్లు వాటిలో ఉండకపోవడం.

మొనాకోలో బస్సు ఒక్కసారిగా ఖాళీ అయింది. అక్కడి నుంచి రోక్‌బ్రూన్ మీదుగా మెంటన్ దాకా మేము పది మందిమి, రెండు కుక్కపిల్లలు.

మెంటన్‌లో దిగి బ్యోవెస్ తోటలోకి వెళ్లేసరికి నిమ్మకాయల పండుగకు ఏర్పాట్లు జరుగుతున్నాయి. 1934లో మొదలైన ఈ పండుగ ఏటా ఫిబ్రవరి మధ్యలో వస్తుంది. ఇనుప చట్రాల మీద వలలాంటి జాలీ బిగించి, దాని మీద నారింజలు, నిమ్మకాయలు అమర్చి కోటలంత బొమ్మలు చేస్తారు. ఒక మెట్ల బల్ల మీద కూర్చున్నామె పనిని చాలాసేపు నిలబడి చూశాను. ఎడమచేతి మణికట్టుకు గాజుల్లాగా రబ్బరు బ్యాండ్ల గుత్తి. ఒక కాయ తీసుకుంటుంది, తొడిమ లోపలికి వచ్చేలా తిప్పుతుంది, బ్యాండును జాలీలోంచి లాగి కాయ చుట్టూ ఒక మెలిక తిప్పి వదులుతుంది. కాయకు కాయకు నడుమ సందు కనబడకూడదు. ఒకటి మెత్తబడితే పండుగ మధ్యలో దాన్నొక్కదాన్నే తీసి కొత్తది పెట్టాలి. ఇలా దాదాపు 140 టన్నుల పండ్లు పడతాయట. అన్ని పండ్లు ఇక్కడ ఎక్కడ పండుతాయని అడిగితే, ఇవి స్పెయిన్ నుంచి వచ్చినవని ఏమాత్రం దాచకుండా చెప్పింది. మెంటన్ నిమ్మకు 2015లో ఐరోపా భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొండ వాలు మీద మడులు కట్టి పెంచే ఆ కొద్దిపాటి పంటను రబ్బరు బ్యాండ్లతో కట్టడానికి ఎవరిస్తారు? ముందు కొంచెం నిరాశపడ్డాను, తర్వాత అదే సబబనిపించింది. మార్కెట్లో ఆకులతో సహా అమ్మే అసలు కాయలు కిలో ఆరు యూరోలకు కొన్నాను. తొక్కతో సహా కోసుకు తిన్నా చేదు లేదు.

ఆ మార్కెట్ దగ్గరే సొక్కా అనే అట్టు తిన్నాను. శెనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి వెడల్పాటి రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. పైన మిరియాల పొడి. మన శెనగపిండి అట్టే, కాకపోతే తిరగెయ్యరు, అడుగు మెత్తగా, పైన మాడుమచ్చలతో కరకరలాడుతుంది. సముద్రానికి ఎదురుగా కాఫీ తాగి బాధపడ్డ నాకు ఈ కాగితం పొట్లంతో కడుపు నిండింది.

మధ్యాహ్నం పాత ఊరి మెట్లెక్కి, సెయింట్ మైకేల్ చర్చి దాటి, ఒకప్పటి కోట ఉన్న చోట కట్టిన శ్మశానానికి వెళ్లాను. రగ్బీ ఆటకు ఆద్యుడని చెప్పుకునే విలియం వెబ్ ఎల్లిస్ సమాధి కోసం చాలామంది వస్తారు. నన్ను నిలబెట్టింది మిగిలిన రాళ్లు. ఇంగ్లీషు, రష్యను, జర్మను పేర్లు, వాటి కింద వయసులు: 19, 22, 26. క్షయ తప్ప మరో కారణం వెతకనక్కర్లేదు. 1859లో జేమ్స్ హెన్రీ బెన్నెట్ అనే ఇంగ్లీషు వైద్యుడు క్షయతో ఇక ప్రశాంతంగా పోదామని మెంటన్ వచ్చి, కోలుకుని, ఏటా చలికాలం ఇక్కడే వైద్యం చేస్తూ ఈ వాతావరణం గురించి పుస్తకం రాశాడు. ఆ పుస్తకాన్ని నమ్మి ఐరోపా నలుమూలల నుంచి పిల్లల్ని తీసుకుని తల్లిదండ్రులు వచ్చారు. చిత్రకారుడు ఆబ్రీ బియర్డ్‌స్లీ 1898లో ఈ ఊళ్లోనే 25 ఏళ్లకు పోయాడు. విక్టోరియా రాణి 1882 మార్చిలో మెంటన్‌లో విడిది చేసింది. అదే నెలలో బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ క్షయకు కారణమైన క్రిమిని ప్రకటించాడు. అది అంటువ్యాధి అని రుజువయ్యాక పెద్ద హోటళ్లు రోగుల్ని దూరం పెట్టసాగాయి, వైద్యులు వాళ్లను ఆల్ప్స్ కొండల మీదికి పంపసాగారు. రోగులు కట్టించిన ఊరిలో రోగులకు చోటు లేకపోయింది.

అక్కడ నాకు మా తాతయ్య గుర్తొచ్చాడు. క్షయకు మందైన స్ట్రెప్టోమైసిన్ మన దాకా రాని రోజుల్లో ఆయన్ని మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియంలో చేర్చారు. మందులేదు, పొడి గాలి, పాలు, గుడ్లు, వరండాలో మంచం మీద కదలకుండా పడుకోవడం, ఇదే చికిత్స. పక్క మంచం కుర్రవాడు పోయిన రోజు నర్సులు మంచాన్ని కూడా ఎండలోకి మార్చారని తాతయ్య చెప్పేవాడు. ఆయన బతికి తిరిగొచ్చాడు కాబట్టి మేమున్నాం. గాలి మార్పు కోసం మదనపల్లె వెళ్లిన మా తాతయ్యదీ, ఎండ కోసం మెంటన్ వచ్చి ఈ సమాధిలో ఉన్న పంతొమ్మిదేళ్ల పిల్లదీ ఒకటే ఆశ. ఆ సమాధుల నుంచి కిందికి చూస్తే ఇటలీ వైపు తీరమంతా స్వచ్ఛంగా కనబడుతుంది. ఇంత వెచ్చటి వెలుగు చూసి ఇక్కడ తప్పకుండా బాగవుతుందని ఆ తల్లిదండ్రులు ఎందుకు నమ్మారో నాకు అర్థమైంది.

నాలుగు దాటగానే కొండ నీడ పాత ఊరి మీదికి వచ్చేసింది, దానితో చలి కూడా. నీడలోనూ ఎండలోనూ ఒకే బట్టలతో తిరగలేమన్నది ఇక్కడ మొదట నేర్చుకోవలసిన సంగతి. తిరుగు ప్రయాణంలో మొనాకో దగ్గర బస్సు మళ్లీ పొద్దున్నటి వాళ్లతోనే నిండిపోయింది.

సమ్మె ముగిశాక ఒకసారి రైల్లోనూ వెళ్లి చూశాను. 40 నిమిషాల్లోపే చేరుస్తుంది, కాని దారిలో ఎన్నో సొరంగాలు, కనబడీ కనబడని సముద్రం. కాబట్టి జర్మనీ నుంచో, ఇంగ్లండు నుంచో చలికి విసిగి బయలుదేరే మనవాళ్లకు నేను చెప్పేది ఇదే: జనవరి చివరి వారం, ఫిబ్రవరి మొదటి పది రోజులు ఎంచుకోండి, నీస్ కార్నివాల్, మెంటన్ పండుగ మొదలయ్యాక గదుల ధరలు ఒక్కసారిగా పెరుగుతాయి. నీస్ పాత ఊళ్లోని కూర్ సలేయాలో పూల అంగళ్లు చూడాలంటే సోమవారం వెళ్లకండి, ఆ రోజు అక్కడ పాత సామాన్ల సంత పెడతారు. గది తీసుకునే ముందు హీటరు ఏ వేళల్లో వేస్తారో అడగండి, దక్షిణం వైపు కిటికీ కావాలని గట్టిగా చెప్పండి. మెంటన్‌కు బస్సులోనే వెళ్లండి, పొద్దున ఎనిమిది లోపు మొనాకో పనివాళ్లతో కిక్కిరిసి ఉంటుంది కాబట్టి తొమ్మిది దాటాక ఎక్కి, కుడివైపు కూర్చోండి.